లైను చివర తెలుగు పదం విరిగితే: లిబ్రెఆఫీస్ రైటర్ సమీక్ష

తెలుగులో మాటలు పొడుగ్గా సాగుతాయి. సంధి, విభక్తి, బహువచనం అన్నీ ఒకే పదానికి అతుక్కుంటాయి. ‘ప్రభుత్వోద్యోగులందరికీ’ లాంటి పదం ఒక్కటి రెండు కాలమ్‌ల పేజీలో వచ్చిందంటే లైనులో సగానికి పైగా అదే తినేస్తుంది. దాన్ని విరవకుండా కిందికి దింపితే పై లైనులో మిగిలిన రెండు మూడు మాటల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు పడతాయి. ఎక్కడ పడితే అక్కడ విరిస్తే చదివేవాడికి తగులుకుంటుంది. చిన్న పత్రికలు, సావనీర్లు, కవితా సంపుటాలు, పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు సొంతంగా టైపు చేసుకునేవాళ్లందరికీ ఈ బాధ తెలిసిందే. డబ్బు పెట్టకుండా దొరికే టైపింగ్ సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్ రైటర్ ఈ ఒక్క పనిని ఎంత బాగా చేస్తుందన్నదే ఈ సమీక్ష. అవసరమైన చోట మైక్రోసాఫ్ట్ వర్డ్‌తో పోలిక ఉంటుంది.

ముందే చెప్పేస్తే, తెలుగు పదాన్ని విరవడానికైనా, విరగకుండా ఆపడానికైనా రైటర్ మంచి పనిముట్టు. కానీ పెట్టెలోంచి తీసినట్టే వాడితే దాని మంచితనం కనిపించదు. మూడు అంకెలు మార్చాలి, పదాన్ని ఎక్కడ విరవొచ్చో చెప్పే నిఘంటువు ఒకటి వేయించాలి, పైనుంచి అతికించిన పాఠాన్ని శుభ్రం చేసుకోవాలి.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఆ పదాన్ని విరిచిందెవరన్నది. లైను చివర పదం విరిగి కనిపించగానే చాలామంది సెట్టింగుల మీద పడతారు. సగం సందర్భాల్లో తప్పు సెట్టింగుది కాదు, పాఠంలోనే దాక్కున్న గుర్తుది. రైటర్‌లో కంట్రోల్+ఎఫ్10 నొక్కితే పేరా గుర్తులు, లైను విరుపులు, ఖాళీలు బయటపడతాయి. కంట్రోల్+ఎఫ్8 నొక్కితే విరగని ఖాళీలు (లైనును తెగనివ్వని స్పేసులు), మెత్తని హైఫన్లు (లైను చివరికొస్తేనే పైకి తేలేవి) బూడిదరంగు నీడతో కనిపిస్తాయి. ఇక లైను చివరి హైఫన్ పక్కన కర్సర్ పెట్టి బ్యాక్‌స్పేస్ కొట్టి చూడండి. హైఫన్ చెరిగిపోతే అది ఎవరో టైపు చేసిందో, అతికించినప్పుడు వచ్చిందో. కర్సర్ దాన్ని పట్టించుకోకుండా దాటేసి అక్షరాన్ని చెరిపేస్తే, ఆ హైఫన్‌ను సాఫ్ట్‌వేర్ అప్పటికప్పుడు గీస్తోందన్నమాట. అప్పుడు కంట్రోల్+జెడ్ కొట్టి సెట్టింగుల్లోకి వెళ్లండి.

టైపు చేసిన హైఫన్ ఎంత చేటో చిన్న మార్పుతో తెలిసిపోతుంది. లైను చివర ‘కార్య-’ అని కొట్టి, ఎంటర్ నొక్కి, కింద ‘క్రమం’ అని రాసిన ఫైలు మీ కంప్యూటర్‌లో ముద్దుగానే ఉంటుంది. అదే ఫైలు ప్రెస్సుకు వెళ్లి, అక్కడ మీరు వాడిన మండలి ఫాంటు లేకపోవడంతో దాని బదులు గౌతమి ఫాంటు పడితే లైన్లన్నీ జరుగుతాయి. ‘కార్య-’ లైను మధ్యలోకి వస్తుంది, ‘క్రమం’ కొత్త పేరాగా మొదలవుతుంది. ఎంటర్ బదులు షిఫ్ట్+ఎంటర్ కొట్టినా గండం తప్పదు. రెండు అంచులూ సమంగా ఉండేలా జస్టిఫై చేసిన పేరాలో షిఫ్ట్+ఎంటర్‌తో ముగిసే లైనును కూడా రైటర్ అంచుదాకా సాగదీస్తుంది కాబట్టి నాలుగు మాటలుంటే నాలుగూ దూరదూరంగా జరిగి నిలబడతాయి. ఆ సాగదీతను టూల్స్ – ఆప్షన్స్ – లిబ్రెఆఫీస్ రైటర్ – కంపాటిబిలిటీలో ఆపుకోవచ్చు గానీ, అసలు వైద్యం ఆ విరుపును తీసేయడమే.

పీడీఎఫ్ నుంచి కాపీ చేసిన పాఠంలో ఈ జబ్బు పేరా పేరాకీ ఉంటుంది, ప్రతి లైనూ ఒక పేరాగా వస్తుంది. టూల్స్ – ఆటోకరెక్ట్ ఆప్షన్స్‌లో, ఆప్షన్స్ ట్యాబ్ కింద, ఒక్కో లైనుగా ఉన్న పేరాలను కలిపే ఎంపిక ఉంది. దాని పక్కన 50 శాతం అని ఉంటుంది. పేరా కనీసం ఎంత వెడల్పు నిండితే కలపాలో చెప్పే హద్దు అది. దాన్ని ఎంచుకుని, పాఠాన్ని సెలెక్ట్ చేసి, టూల్స్ – ఆటోకరెక్ట్ – అప్లై నొక్కండి. ముందు ఫైలుకు ఒక నకలు తీసి పెట్టుకోండి, ఎందుకంటే పద్యాలు, చిరునామాలు లాంటివి కూడా కలిసి ముద్దయ్యే ప్రమాదముంది. మిగిలిన హైఫన్లను మాత్రం వెతికి ఒక్కొక్కటే చూసుకుంటూ తీయాలి. ‘రాత-కోతలు’ వంటి జంటల్లో హైఫన్ అసలు రచయితదే కావచ్చు.

కంటికి కనపడని గుర్తుల సంగతి ఇంకా సున్నితం. వెబ్‌సైట్ల నుంచి కాపీ చేసిన పాఠంలో మూడు రకాలు వస్తాయి. మొదటిది మెత్తని హైఫన్, యూనికోడ్ సంఖ్య (కంప్యూటర్లో ఒక్కో గుర్తుకూ ఉండే సంకేత సంఖ్య) 00ఏడి. పదం లైను మధ్యలో ఉన్నంతసేపూ ఇది కనపడదు, చివరికొచ్చిందంటే అక్కడే విరిచి గీత గీస్తుంది. రెండోది సున్నా వెడల్పు ఖాళీ, 200బి. ఇది గీత కూడా లేకుండా విరుస్తుంది కాబట్టి కారణం అంతుచిక్కదు. మూడోది మన తెలుగుకు ప్రాణావసరమైన 200సి. ‘సాఫ్ట్‌వేర్’లో ట్ కింద వ ఒత్తు పడకుండా ఆపేది ఇదే. దీన్ని తీసేస్తే ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. 200బి, 200సి మధ్య తేడా ఒక్క అక్షరమే. శుభ్రం చేసే తొందరలో 200సి పోయిందంటే పుస్తకం మొత్తం మీద ‘ఫేస్‌బుక్’, ‘డిపార్ట్‌మెంట్’, ‘హైకోర్ట్‌లో’ అన్నీ ఒత్తులు వేసుకుని కూర్చుంటాయి.

తీసే పద్ధతి ఇది. కంట్రోల్+హెచ్ నొక్కి, అదర్ ఆప్షన్స్ తెరిచి, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్స్ ఎంచుకోండి. వెతికే పెట్టెలో బ్యాక్‌స్లాష్, చిన్నబడి యు, ఆ వెంటనే ఖాళీ లేకుండా 00, పెద్దబడి ఏ, డి టైపు చేయండి. ఈ కోడు ఒక్కటే ఉండాలి. మామూలుగా వెతికేటప్పుడు రైటర్ మెత్తని హైఫన్లను లెక్కలోకే తీసుకోదు కాబట్టి ఇంకో అక్షరం జత చేస్తే దొరకకుండా పోతాయి. బదులు పెట్టాల్సిన చోట ఏమీ రాయకుండా రీప్లేస్ ఆల్ నొక్కితే అన్నీ పోతాయి. 200బికీ అదే వరస. ఏదైనా గుర్తు మీద అనుమానముంటే దాని వెనకాలే కర్సర్ పెట్టి ఆల్ట్+ఎక్స్ నొక్కండి, దాని యూనికోడ్ సంఖ్య బయటికొస్తుంది. మళ్లీ నొక్కితే గుర్తుగా మారిపోతుంది. ఈ ఒక్క మీట తెలిస్తే చాలా తలనొప్పులు తగ్గుతాయి. వర్డ్‌లోనూ ఇది పనిచేస్తుంది. వర్డ్‌లో మెత్తని హైఫన్లను వెతకడానికి ^- అని కొడితే చాలు. ఈ ఒక్క విషయంలో వర్డ్ దారి సులువు.

200సి ఎలా టైపు చేయాలో తెలియక దాని బదులు మామూలు ఖాళీ కొట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. ‘సాఫ్ట్ వేర్’ అని. లైను మధ్యలో ఉన్నప్పుడు పెద్దగా తేడా కనపడదు. చివరికొస్తే ‘సాఫ్ట్’ పైన, ‘వేర్’ కింద. ఇలాంటి చోట హైఫనేషన్ (లైను చివర పదాన్ని హైఫన్‌తో విరవడం) సెట్టింగుల్ని ఎంత తిప్పినా ఫలితముండదు, ఖాళీ తీసి 200సి పెట్టాల్సిందే. రైటర్‌లో అంకెలు, అక్షరం 200సి అని ఇంగ్లీషులో కొట్టి ఆల్ట్+ఎక్స్ నొక్కితే వస్తుంది.

ఇక ఆటోమేటిక్ హైఫనేషన్. తెలుగుకు రైటర్‌లో హైఫనేషన్ నిఘంటువు ఉంది. విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కస్టమ్ ఎంచుకుని, నిఘంటువుల జాబితాలో తెలుగు టిక్ పెట్టారా లేదా చూసుకోవాలి. ఉబుంటు, డెబియన్ వాడేవాళ్లకు హైఫన్-టీఈ అనే ప్యాకేజీ విడిగా దొరుకుతుంది. నిఘంటువు ఉంటే సరిపోదు, ఆ పాఠం తెలుగని రైటర్‌కు తెలియాలి. టూల్స్ – ఆప్షన్స్‌లో భాషల విభాగం కింద కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ అనే చోట తెలుగు ఎంచుకోవాలి. అక్కడ హిందీ ఉండిపోయిందంటే హిందీ సూత్రాలతో తెలుగు పదాల్ని వెతుకుతుంది, ఏమీ విరగదు. ‘హైఫనేషన్ పెట్టినా పనిచేయట్లేదు’ అన్న ఫిర్యాదుకు నూటికి తొంభైపాళ్లు కారణం ఇదే అనిపిస్తుంది.

ఆన్ చేయడం, ఆపడం స్టైల్లోనే (ఒక రకం పేరాలన్నిటికీ ఒకేసారి వర్తించే రూపం సెట్టింగులో) చేయండి. ఎఫ్11 నొక్కి, డిఫాల్ట్ పారాగ్రాఫ్ స్టైల్ మీద కుడి క్లిక్ చేసి, మార్చే ఎంపిక తీసుకుని, టెక్స్ట్ ఫ్లో ట్యాబ్‌కు వెళ్లండి. హైఫనేషన్ కింద ఆటోమేటిక్ టిక్ అక్కడుంటుంది. పేరా పేరాకీ వెళ్లి టిక్ తీస్తూ పోతే రెండొందల పేజీల పుస్తకంలో ఎక్కడో ఒకచోట మరిచిపోతారు. శీర్షికల స్టైల్లో, పట్టికల స్టైల్లో, పద్యాలకు వాడే స్టైల్లో దాన్ని తప్పకుండా ఆపేయండి. విరిగిన శీర్షికంత అసహ్యం పేజీ మీద ఇంకొకటి ఉండదు.

రైటర్ వర్డ్ కంటే ముందుండేది ఇక్కడే. వర్డ్‌లో ఆటోమేటిక్ హైఫనేషన్ లేఅవుట్ మెనూలో డాక్యుమెంట్ మొత్తానికీ ఒకేసారి ఆన్ అవుతుంది. వద్దనుకున్న పేరాకు పారాగ్రాఫ్ – లైన్ అండ్ పేజ్ బ్రేక్స్‌లో డోంట్ హైఫనేట్ టిక్ పెట్టుకోవాలి. వరుసగా ఎన్ని లైన్లలో హైఫన్లు రావచ్చో చెప్పే హద్దు ఉంది గానీ, పదం విరిగిన చోట అటూ ఇటూ ఎన్ని అక్షరాలుండాలో చెప్పే పెట్టె ఆ డైలాగులో లేదు. రైటర్‌లో ఉంది, పైన చెప్పిన టెక్స్ట్ ఫ్లో ట్యాబ్‌లోనే. తెలుగుకు కావాల్సింది సరిగ్గా ఆ పెట్టే.

ఆ పెట్టెలో రైటర్ ముందుగా ఇచ్చే అంకెలు 2, 2. లైను చివర కనీసం 2, కింది లైను మొదట్లో కనీసం 2. ఇంగ్లీషుకు సరే. తెలుగులో రైటర్ లెక్కపెట్టేది మన అక్షరాల్ని కాదు, యూనికోడ్ గుర్తుల్ని. గుణింతం ఒక గుర్తు, పొల్లు ఒక గుర్తు, సున్నా ఒక గుర్తు. ‘డి’ మనకు ఒక అక్షరం, దానికి రెండు. అందుకే ‘మామిడి’ని ‘మామి-డి’ అని విరవడానికి 2 అన్న నియమం అడ్డురాదు. ఒంటరి ‘డి’ కింది లైనులో పడుతుంది.

లైను చివరికి 4, లైను మొదటికి 5 పెట్టి చూడండి. ‘కార్యక్రమం’ తీసుకుందాం. క, ఆకారం, ర, పొల్లు, య, క, పొల్లు, ర, మ, సున్నా, మొత్తం పది గుర్తులు. 2, 2 ఉంటే ఇది ‘కా-ర్యక్రమం’, ‘కార్య-క్రమం’, ‘కార్యక్ర-మం’ అని మూడు రకాలుగా విరగొచ్చు. 4, 5 పెడితే నడిమిది ఒక్కటే మిగులుతుంది, చదివేవాడు కోరుకునేదీ అదే. ‘విద్యార్థి’లో చివరి ‘ర్థి’ ఒక్కటే నాలుగు గుర్తులు. మొదటికి కూడా 4 పెట్టి ఊరుకుంటే ‘విద్యా-ర్థి’ వచ్చేస్తుంది, 5 పెడితే రాదు. ఇంకో మాట. ‘పుస్తకాలు’ 4 దగ్గర ‘పుస్త-కాలు’ అవుతుంది. కింది లైను ‘కాలు’తో మొదలైతే చదివేవాడు ఒక్క క్షణం ఆగి వెనక్కి వెళ్తాడు. 5 పెడితే ఆ పదం విరగనే విరగదు. ఇంకా పెంచి 6, 6 పెడితే అన్నీ మరీ భద్రమైపోయి, సన్నటి కాలమ్‌లలో మళ్లీ ఖాళీలు తేలతాయి. వరుసగా వచ్చే హైఫన్ల గరిష్ఠ సంఖ్యను కూడా 0 నుంచి 2కు మార్చండి. అక్కడ 0 అంటే హద్దు లేదని అర్థం, హైఫన్లే వద్దని కాదు.

ఈ అంకెలతో కూడా చిక్కే పదాలుంటాయి. తెలుగు నిఘంటువు పదాల పట్టికేమీ కాదు, అక్షర నియమాల మూట. హల్లుకు ముందు విరవొచ్చు, పొల్లుకు అటూ ఇటూ విరవకూడదు, సున్నా ముందు విరవకూడదు, ఇలా సాగుతుంది. ఒత్తు విడిపోయి కింది లైనులోకి జారే ఘోరం దీనివల్ల జరగదు, అది పెద్ద మేలు. పదానికి అర్థమేంటో, ఏ ముక్క ఎక్కడ అతికిందో మాత్రం దానికి తెలియదు. ‘పునర్విభజనకు’ అన్న పదం ‘పునర్వి-భజనకు’ అయి కూర్చుంటుంది. భజనకీ దానికీ సంబంధం లేదు కదా.

ఇలాంటి పదాలకు రైటర్ ఒక దారి చూపింది. టూల్స్ – ఆప్షన్స్‌లో భాషల విభాగం కింద రైటింగ్ ఎయిడ్స్‌కు వెళ్లి, సొంత నిఘంటువుల్లో స్టాండర్డ్ తెరిచి, పదం చివర సమానపు గుర్తు పెట్టి చేర్చండి: ‘పునర్విభజనకు=’. ఆ పదం ఇక విరగదు. సమానపు గుర్తు పదం మధ్యలో పెడితే అక్కడ విరవొచ్చని చెప్పినట్టు. చాలా తెలివైన ఏర్పాటు. తెలుగు దగ్గరికొచ్చేసరికి మాత్రం దీని బలం సగానికి పడిపోతుంది. ‘పునర్విభజనకు’ చేర్చితే ‘పునర్విభజనలో’కు అది వర్తించదు. ఒక్కో విభక్తి రూపాన్నీ విడిగా చేర్చుకుంటూ పోవాలి. పుస్తకంలో పదే పదే వచ్చే ఊరి పేర్లు, ఇంటిపేర్లు, పారిభాషిక పదాలు ఓ ముప్పై నలభై చేర్చుకుంటే గట్టెక్కుతుంది. అంతకు మించి దీని మీద శ్రమ పెట్టక్కర్లేదు.

ఎక్కడో ఒక్కసారి వచ్చే పదానికి మెత్తని హైఫన్ చాలు. మీరు కోరిన చోట కర్సర్ పెట్టి కంట్రోల్+మైనస్ నొక్కండి. టైపు చేసిన హైఫన్‌లా కాదు ఇది, లైను జరిగితే తనే మాయమవుతుంది. టూల్స్ – లాంగ్వేజ్ – హైఫనేషన్ మెనూ ఒక్కో పదాన్నీ చూపించి అడుగుతూ ఇవే గుర్తులు పెడుతుంది. అందులో హైఫనేట్ ఆల్ బటన్ జోలికి మాత్రం వెళ్లకండి. పాఠం నిండా మెత్తని హైఫన్లు చల్లి పోతుంది, పైన చెప్పిన శుభ్రం పని మళ్లీ మొదలెట్టాలి.

హైఫనేషన్‌తో సంబంధం లేని విరుపులు కూడా పేజీని పాడుచేస్తాయి. ‘వి. వి. గిరి’లో పొడి అక్షరాలు పైన ఉండిపోయి ‘గిరి’ కిందికి దిగుతుంది. ‘రూ. 500’లో ‘రూ.’ ఒకచోట, అంకె ఒకచోట. ‘10 కి.మీ.’దీ అదే గతి. వీటి మధ్య మామూలు ఖాళీ తీసి షిఫ్ట్+కంట్రోల్+స్పేస్‌తో విరగని ఖాళీ పెట్టాలి. ‘2014-15’ లాంటి సంవత్సరాల్లో హైఫన్ దగ్గర లైను తెగకుండా షిఫ్ట్+కంట్రోల్+మైనస్ వాడాలి. వర్డ్‌లోనూ ఇవే మీటలు. ప్రూఫు అంతా అయ్యాక చివర్లో చేసే పనిగా దీన్ని పెట్టుకోవద్దు, టైపు చేసేటప్పుడే అలవాటు చేసుకోవాలి.

పట్టికల్లో ఇంకో గొడవ. గడి వెడల్పు కంటే పదం పెద్దదైతే ఏ సాఫ్ట్‌వేర్ అయినా దాన్ని ఎక్కడో ఒకచోట తెంపక తప్పదు. అది హైఫనేషన్ కాదు, గత్యంతరం లేని తెంపు. గీత కూడా ఉండదు. గడిని వెడల్పు చేయండి, కుదరకపోతే అక్షరాల సైజు ఒక పాయింటు తగ్గించండి, అదీ కుదరకపోతే గడి లోపలి అంచు ఖాళీ తగ్గించండి. వర్డ్ పట్టికలో గడికి ఎడమా కుడీ 0.19 సెంటీమీటర్ల ఖాళీ ముందుగానే ఉంటుంది, పది గడులున్న పట్టికలో అది చాలా చోటు తింటుంది. ఈ గత్యంతరం లేని తెంపులో పాత సాఫ్ట్‌వేర్లు సంయుక్తాక్షరాన్ని కూడా చీల్చే అవకాశముంది, ఎందుకంటే క, పొల్లు, ష కలిసి ‘క్ష’ అనే ఒకే ముక్కన్న నియమం యూనికోడ్‌లో తెలుగుకు 2023లో వచ్చిన 15.1 కూర్పులోనే చేరింది. పట్టికలు ఎక్కువగా ఉండే పనికి వీలైనంత కొత్త కూర్పు వేసుకోండి.

వర్డ్‌లో ఇంగ్లీషు పదాలు గీత లేకుండా నట్టనడుమ తెగిపోతుంటే పారాగ్రాఫ్ డైలాగులో ఏషియన్ టైపోగ్రఫీ ట్యాబ్ చూడండి. లాటిన్ పదాలను మధ్యలో విరవడానికి అనుమతించే టిక్ అక్కడుంటుంది. చైనా, జపాన్ భాషల కోసం పెట్టింది అది. ఎవరో పంపిన టెంప్లేట్‌లోంచి మన ఫైల్లోకి వస్తుంది. తీసేస్తే సరి.

‘అను’ అనే యూనికోడ్ కాని ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైళ్ల విషయంలో రైటర్ నుంచి ఏమీ ఆశించకండి. అక్కడ తెర మీద తెలుగు కనిపిస్తుంది గానీ లోపలున్నవి ఇంగ్లీషు అక్షరాలు, చిహ్నాలు. సాఫ్ట్‌వేర్‌కు అది తెలుగని తెలిసే దారే లేదు. హైఫనేషన్ ఆన్ చేస్తే అర్థంలేని చోట్ల అక్షరాలు చీలతాయి. ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, మార్చాక ఒత్తులు, 200సి గుర్తులు సరిగ్గా వచ్చాయో లేదో ప్రూఫు చూసుకోవాలి, ఆ తర్వాతే ఈ సెట్టింగులు.

రైటర్‌తో చివరికొచ్చేసరికి ఎదురయ్యే ఇబ్బంది ఫైలు చేతులు మారేటప్పుడు. మీరు 4, 5 అని పెట్టుకున్న హద్దులు రైటర్ సొంత ఓడీటీ ఫైల్లో భద్రంగా ఉంటాయి. వర్డ్ ఫైలు రూపమైన డాక్స్‌గా దాచి వర్డ్‌లో తెరిస్తే లైన్లు అలాగే విరుగుతాయన్న హామీ లేదు. ఆ అంకెలు పెట్టుకునే చోటు వర్డ్ వైపు లేదు కాబట్టి. సంపాదకుడికి దిద్దడానికి పంపుతుంటే హైఫనేషన్ ఆపేసి డాక్స్ పంపండి. దిద్దుబాట్లు తిరిగొచ్చాక ఓడీటీలో మళ్లీ ఆన్ చేసి, ప్రతి పేజీ కుడి అంచునూ పైనుంచి కిందికి ఒకసారి చూసుకుని, ప్రెస్సుకు పీడీఎఫ్ ఇవ్వండి. ఫాంట్లు అందులోనే ఇమిడి ఉంటాయి కాబట్టి అక్కడి కంప్యూటర్‌లో మీ ఫాంటు లేకపోయినా లైన్లు కదలవు.